ఆగి ఉన్న పిండం

శనివారం, బాతెల్, అమెరికా

"పుస్తకం మీద నీ పేరు కూడా వేయిస్తానోయ్" అని మా ప్రొఫెసర్ మాటిచ్చి నలభై ఏళ్లు దాటింది. ఆ జంతుశాస్త్రం పుస్తకం మొత్తం తెలుగులో రాసింది నేను. అచ్చయింది ఆయన ఒక్కడి పేరుతో.

ఇవాళ ఇక్కడి తెలుగు బడికి ఆయనే ముఖ్య అతిథి. శాలువా కప్పుకుని, ఆ పుస్తకంలోంచి ఆడ సముద్ర సింహాల గురించి చదివాడు. నాలుగైదేళ్లకు ఈడుకొస్తాయనీ, మగవాటిలా ఒళ్లు పెంచుకోవనీ చెబుతూ పొట్ట నిమురుకున్నాడు. ఈనిన కొద్ది వారాలకే మళ్లీ జతకడతాయి, కానీ పిండం మూడు నెలలు "ఆగిపోతుంది" అన్నాడు.

ముందు వరసలో ఒక పాప చెయ్యెత్తింది. "అంకుల్, ఆగిపోతుంది అంటే బేబీ డెడ్ ఆ?"

"అలాంటిదేనమ్మా" అన్నాడు ఆ మహానుభావుడు.

నేను రాసింది "ఆగి ఉంటుంది" అని. నా భాష దిద్దుతున్నాననుకుని ఆయనే మార్చాడు. ఉండబట్టలేక లేచాను. "చచ్చిపోదమ్మా. గర్భసంచికి అతుక్కోకుండా కాచుకుని ఉంటుంది. అప్పటికి ఒడ్డున పిల్ల ఇంకా పాలు తాగుతూనే ఉంటుంది."

"ఓ, పాజ్ బటన్!" అంది పాప.

ఆయన మైకులో నవ్వాడు. "మావాడేలెండి. అప్పట్లో నా నోట్సు ఫెయిర్ కాపీ చేసిపెట్టేవాడు."

అందరూ చప్పట్లు కొట్టారు.

పేరు పోయిందని ఇన్నేళ్లూ కుమిలాను. కానీ ఆ పుస్తకం చదివినవాళ్లంతా బతికున్న పిండాన్ని చచ్చిందనే నేర్చుకున్నారు. దీనికి కారకుడు, దొంగిలించినదాన్ని అర్థం కూడా చేసుకోలేని మండపాక శేషగిరిరావు.