దుప్పటి తడవనివ్వలేదు

ఆసుపత్రుల తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పనిలోంచి ఆపేసిన చర్మవ్యాధుల వార్డు నర్సమ్మను వెంటనే తిరిగి పంపమని కోరుట గురించి.

ఆరో నంబరు మంచం మీద చనిపోయిన పిల్ల తల్లిని. తమకు మనవి చేసుకొనునది ఏమనగా,

1. ఫిట్సుకి ఇచ్చిన మాత్రలు నా కూతురికి పడలేదు. పదిహేను రోజులకి నోరు పుండైంది, కళ్లు అతుక్కున్నాయి, ఒళ్లంతా బొబ్బలు లేచి చితికాయి. చెయ్యి పట్టుకుంటే తోలు ఊడి నా చేతికొచ్చింది. కన్నతల్లిని, తాకడానికి లేదు.

2. సదరు నర్సమ్మ ఒక్కతే తాకేది. పుండ్లకి అంటిన దుప్పటిని సెలైనుతో అరగంట నానబెట్టి, జానెడు జానెడు విడదీసేది. "వేళ్లతో పట్టకమ్మా, అరచేతులు కిందికి పోనిచ్చి లేపు" అని నాకు నేర్పింది. గంటగంటకీ కళ్లలో చుక్కలు వేస్తూ, "మహారాణీ, కళ్లు తెరువు, మాస్కు కట్టుకుని నీకోసం ఎంత ముస్తాబయ్యానో చూడు" అనేది. వార్డులో చేరిన పన్నెండో రోజున పిల్ల గుండెల మీద కొత్త చర్మం వచ్చింది. నేను చూశాను.

3. పదమూడో రోజున తమరు తనిఖీకి వచ్చినారు. "అయ్యగారు మెట్లెక్కుతున్నారు, దుప్పటి మీద ఈ మరకలేంటి? తియ్యి!" అన్నాడు సూపర్‌వైజరు.

"అరగంట ఆగండి సార్, తడవాలి" అంది నర్సమ్మ.

"అరగంట ఆయన్ని మెట్ల మీద నిలబెట్టమంటావా?"

తనే కొస పట్టి ఒక్క గుంజు గుంజాడు. నా బిడ్డ వీపు దుప్పటితో పోయింది. తమరు గుమ్మంలో ముక్కుకి రుమాలు పెట్టుకుని "ఏంటా అరుపు?" అని అడిగినారు. "పేషెంటు సార్" అన్నాడు. "వార్డు శుభ్రంగా ఉంది" అని సెలవిచ్చి వెళ్లినారు. ఆ పచ్చి వీపులోంచి విషం ఎక్కి మూడో రోజున పిల్ల పోయింది.

4. తమరు మెట్లు దిగకముందే నర్సమ్మ స్టీలు ట్రేతో సూపర్‌వైజరుని రెండుసార్లు కొట్టిందని, ఆమెను పనిలోంచి ఆపిన కాగితంలో రాశారు. అబద్ధం. ఆమె కొట్టింది ఒక్కటే. ట్రే లాక్కుని రెండోది నేను కొట్టాను. పళ్లు రాలింది నా దెబ్బకే. కేసు నా మీద రాయించండి.

5. ఇప్పుడు ఆ మంచం మీద ఒక చంటిబిడ్డ తల్లి ఉంది. ఆమెకీ మందు పడలేదు. నిన్న చూసొచ్చాను. దుప్పటి అంటుకుని ఉంది, నానబెట్టే చెయ్యి లేదు.

కావున నర్సమ్మను నేడే వార్డుకి పంపవలెనని, ఈ తల్లి మొర చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయురాలు,
ఆరో నంబరు పిల్ల తల్లి

మరొక మాట: ఆ దుప్పటి నా దగ్గరే ఉంది. ఉతకలేదు. రేపటికి నర్సమ్మ వార్డులో లేకపోతే తెచ్చి తమ బల్ల మీద పెడతాను. మడతలు అంటుకుపోయాయి. తమరే విడదీయండి. తొందర లేదు, అరగంట కూర్చుంటాను.