ఎర్ర ఎద్దు ఎవరిదని వకీలు అడిగితే

నాయనా నర్సిములూ,

మొన్న మీ నాయనా నేనూ గద్వాలలో వకీలును పెట్టుకున్నాము. బావికి చేసిన అప్పు తీరలేదు, బావిలో నీళ్లూ పడలేదు. మీ నాయనను జైల్లో పెట్టిస్తానని సావుకారు కోర్టుకెక్కాడు. దివాలా అర్జీ వేస్తే జైలు తప్పుతుందని ఊళ్లో చెప్పారు.

ఇంట్లో ఉన్నవన్నీ వకీలుకు చెప్పాలట. నాగలి, గుంటక, నా కడియాలు, చివరికి తిరగలి కూడా దారి పొడుగునా వల్లెవేసుకుంటూ పోయాను. నీ ఎర్ర ఎద్దును మాత్రం కలపలేదు. నువ్వు కూలి చేసి పెబ్బేరు సంతలో కొనుక్కున్నది మాదెట్లవుతుంది?

“ఎద్దు లేదా అమ్మా? నాగలి నువ్వే గుంజుతవా?” అని వకీలు నవ్వాడు.

“ఒకటుంది సాబ్. గా ఎద్దు నా కొడుకుది.”

“కొడుకు యాడుండు?”

మీ నాయన తల దించుకున్నాడు. నాకే చెప్పక తప్పలేదు.

“లేడు సాబ్. పోయిన వానకాలం జరమొచ్చి పోయిండు.”

వకీలు కలం ఆపాడు. “పెండ్లాం పిల్లలు?”

“పెండ్లే కాలేదు.”

“అయితే గది మీదే తల్లీ. దాస్తే అర్జీ కొట్టేస్తరు. నీ పెనిమిటి జైలుకు పోతడు” అని మెల్లగా అన్నాడు.

ఇన్నాళ్లూ ఎవరు అడిగినా అది నా కొడుకు ఎద్దనే చెప్పేదాన్ని. మీ నాయన పేర రాసుకోమని వకీలుకు నా నోటితోనే చెప్పాను, నాయనా.