రైలెక్కే ముందే చదవండి

వడోద్, సూరత్
నవంబరు, 2020

సుమన నాయినకు భూదేవి దండాలు పెట్టి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ బిడ్డా ఒంట్లో బాగానే ఉన్నాం. గల్లీలో చాలా ఇళ్ళకు వచ్చిపోయింది గానీ కరోనా ఇంతవరకు మన గడప తొక్కలేదు. అక్కడ ఊళ్ళో మీరూ అత్తమ్మా అలాగే ఉన్నారని తలుస్తాను. అత్తమ్మ కర్ర పట్టుకొని వాకిట్లోకి రాగలుగుతోందని మీరు రాసిన ముక్క మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. మార్చిలో ఆమె తుంటి విరిగిందని కబురొస్తే చేతిసంచితో పరుగెత్తారు. నాలుగు రోజుల్లో వస్తానన్నారు. ఆ తర్వాత రైళ్ళే ఆగిపోయాయి. బతుకమ్మ కూడా మీరు లేకుండానే గడిచింది. ఈసారి గల్లీలో నలుగురు ఆడవాళ్ళం దూరందూరంగా నిలబడి, మూతికి గుడ్డ కట్టుకునే ఆడాం.

ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరాలేమిటని మీ తమ్ముడు నవ్వుతున్నాడట. నవ్వనివ్వండి. ఇన్నేళ్ళు మగ్గాల మోతలో నిలబడిన మీ చెవులకు ఫోన్‌లో మాట అందదు. నేను చెప్పేది ఇంకొకరు విని, గట్టిగా అరిచి మీకు వినిపించే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను. దీన్ని మీరు ఒక్కరే కూర్చొని చదవండి. రైలెక్కే ముందే చదవండి.

మీరు అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. సుమన బీకాంలో చేరింది. కాలేజీ ఇంకా తెరవలేదు. ఫోన్‌ను గోడకు ఆనించుకొని పొద్దున్నంతా పాఠాలు వింటోంది. సిగ్నల్ పోతే మిద్దె మీదికి ఎక్కుతుంది. "డిగ్రీ ఒక్కటి ఉంటే నేను నూనె చేతులతో బతికేవాణ్ణి కాదు, బిడ్డ చదువు ఆపకు" అని మీరు ఈసారీ రాశారు. ఆపను. దాని ఇష్టం మేరకు అది చదువుకుంటుంది. వంటింటి రేకు మీద టార్పాలిన్ కప్పించాను, ఇప్పుడు కారడం లేదు.

ఇక మూడోది. "సేఠ్ నా జాగాలో ఎవరినైనా పెట్టాడా? పదో తరగతి తప్పినదానివి, నీకు ఈ సంగతులు తెలియవు. లాభ పాంచమ్‌కు వస్తున్నానని మాత్రం చెప్పు, మిగతాది నేను చూసుకుంటాను" అని రాశారు. దీపావళి సెలవుల తర్వాత కార్ఖానా తెరిచేది ఆ రోజే కాబట్టి మీరు అలా అనుకోవడం సహజమే. జీవన్‌భాయ్ సేఠ్ మీ జాగాలో, మగ్గాలన్నీ చూసుకునే మాస్టర్‌గా, బయటివాళ్ళెవరినీ పెట్టలేదు. ఈ మాట నిజం. కానీ ఇది సగం నిజమే. మిగతా సగం చెప్పాలంటే జులై నుంచి మొదలుపెట్టాలి.

లాక్‌డౌన్ ఎత్తేశాక కూడా మన కార్ఖానా తెరవలేదు. ఒడిశా వాళ్ళు వెళ్ళిపోయారు, మనవాళ్ళు వెళ్ళిపోయారు. ఒకరోజు నా టిఫిన్ డబ్బా, నేను నూలు కండెలు చుట్టే మిషన్ దగ్గర వదిలేసిన చెప్పులు తెచ్చుకుందామని వెళ్ళాను. గేటు ముందు లారీ ఉంది. లోపల పాతసామాను వాళ్ళు సమ్మెటలతో మగ్గాలు విరగ్గొడుతున్నారు. నేను వెళ్ళేసరికే రెండు ముక్కలై నేల మీద పడి ఉన్నాయి. మూడోదాని మీద సమ్మెట ఎత్తారు.

నాకు ఒళ్ళు తెలియలేదు. వెళ్ళి ఆ మగ్గానికి వీపు ఆనించి నిలబడ్డాను.

సేఠ్ పరుగెత్తుకొచ్చాడు. ఆయన మాట్లాడింది హిందీలో, నేను మన మాటల్లో రాస్తున్నాను. "జరుగు బెన్, దెబ్బ తగులుతుంది. మనుషులు లేరు, మార్కెట్ లేదు. ఇనుముకైతే ధర ఉంది," అన్నాడు.

"నాలుగు సాంచాలు నాకిడిసిపెట్టు సేఠ్. ఒక్క నెల. నేను నడుపుత."

"కండెలు చుట్టేదానివి, నువ్వు నడుపుతావా? ఏం చదివావు?"

"పదో తరగతి తప్పిన."

సేఠ్ అంత దిగులులోనూ నవ్వాడు. "నేను చార్ చోపడీ, నాలుగో తరగతే. నీకంటే తక్కువే," అని నాలుగు వేళ్ళు చూపించాడు. లారీ వాళ్ళ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఒక్క నెల. గుడ్డ పాడైతే నేను ఇంకో మాట వినను," అన్నాడు.

అలా మన గల్లీ భాగీరథి, నేను, ఇంకో ఇద్దరు కండెల ఆడవాళ్ళం మగ్గాల ముందు నిలబడ్డాం. సిరిసిల్లలో మా నాయిన ఇంట్లో పుట్టినప్పటి నుంచి సాంచాల మధ్యే పెరిగాను. పోగులు అతకడం నాకు అన్నం కలుపుకోవడమంత అలవాటు. కానీ అతకడం వేరు, నడపడం వేరు. మొదటి రోజే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఎగిరి భాగీరథి చెవి పక్కనుంచి పోయి గోడకు కొట్టుకుంది. జానెడు ఇటు పడితే ఏమయ్యేదో రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. భాగీరథి నేల మీద కూలబడి, "ఇడిసిపెడ్దాం అక్కా. మనకు పిల్లలున్నరు," అని ఏడ్చింది. నేనూ పక్కనే కూర్చున్నాను.

అప్పుడు మీరే గుర్తొచ్చారు. మోతలో మీకు ఏమీ వినపడదు కదా, మగ్గం మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకొని, ఎక్కడ ఏది వదులైందో చెప్పేవారు. ఇన్నేళ్ళు ఎదురుగా కండెలు చుడుతూ చూశాను. మర్నాడు నేనూ అలాగే చెయ్యి పెట్టాను. మొదట ఏమీ తెలియలేదు. రోజూ పెట్టగా పెట్టగా తెలిసింది. నెల తిరిగేసరికి సేఠ్ నాలుగుకు ఇంకో నాలుగు కలిపాడు. లారీ మళ్ళీ రాలేదు.

ఇదంతా అప్పుడే మీకెందుకు రాయలేదని కోపం వస్తుంది. రాస్తే వద్దంటారని రాయలేదు. అంతకంటే వేరే కారణం లేదు.

దసరా ముందు మనవాళ్ళు బస్సుల్లో తిరిగొచ్చి మిగతా మగ్గాలు పట్టుకున్నారు. మీ దోస్తు సాంబయ్య అన్న కూడా వచ్చాడు. ఆడవాళ్ళం మగ్గాల మీద ఉండడం చూసి ముఖం తిప్పుకున్నాడు. ఒక పొద్దున సేఠ్ అందరినీ గేటు దగ్గర నిలబెట్టి, "ఇవాళ్టి నుంచి భూదేవీ బెన్ మాస్టర్. ఆమె చెప్పిందే మాట," అన్నాడు.

అవును. మీ జాగాలో ఉన్నది నేనే.

సాంబయ్య అన్న లోపలికి వెళ్ళి మెయిన్ స్విచ్ దించేశాడు. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి. పగటిపూట కార్ఖానాలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. రోడ్డు మీద రిక్షావాడి హారన్ కూడా వినిపించింది.

"పరుశురాం జాగల ఆయన పెండ్లాం నిలబడి చెప్తె మేం ఇనాల్నా? రేపు ఆయన మొఖం ఎట్ల చూడాలె? జర ఇజ్జత్ ఉండాలె గద మనిషికి!" అని అరిచాడు. మగవాళ్ళంతా ఆయన వెంట బయటికి వెళ్ళి, ఎదురుగా చాయ్ బండి దగ్గర నిలబడ్డారు.

ఆ సాయంత్రం మార్కెట్ నుంచి టెంపో రావాలి. దీపావళి సరుకు. ఆరోజు గుడ్డ తాకాలు పోకపోతే వ్యాపారి ఇంకో కార్ఖానాకు వెళ్ళిపోతాడు. సేఠ్ నుదురు పట్టుకొని కూర్చున్నాడు. "నీ వాళ్ళకు నచ్చజెప్పు, లేకపోతే నువ్వే పక్కకు తప్పుకో. నాకు గుడ్డ కావాలి," అన్నాడు. ఒక్క మాటతో తప్పుకోవచ్చు. చాయ్ బండి దాకా వెళ్ళి, "సాంబన్నా, నాకేం అక్కర లేదు, రాండ్రి," అంటే అయిపోయేది. గేటు దాకా వెళ్ళాను కూడా. అక్కడ నిలబడి వాళ్ళు నన్ను చూస్తున్నారు, నేను వాళ్ళను చూస్తున్నాను. ఒకరెవరో నవ్వారు.

వెనక్కి తిరిగాను. స్విచ్ ఎత్తాను.

ఆడవాళ్ళం ఒక్కొక్కరం రెండేసి మగ్గాలు పట్టుకున్నాం. మధ్యాహ్నం అన్నానికి కూడా ఆగలేదు. ఒక మగ్గం మీద పోగు తెగితే రెండోది వదిలేసి పరుగెత్తడం, అతికి మళ్ళీ పరుగెత్తడం. సేఠ్ చొక్కా విప్పేసి తనే కండెలు అందించాడు. టెంపో వచ్చేసరికి సరుకు పూర్తి కాలేదు. వ్యాపారి ఫోన్‌లో తిడుతుంటే సేఠ్ ఫోన్ నా చేతికిచ్చాడు. "తక్కువుంది భాయ్. ఉన్నది ఉన్నట్టు పంపుతున్నాం. మిగతాది రేపు సాయంత్రానికి ఇస్తాం. ఇయ్యకపోతే మీరు ఎవరికిచ్చుకున్నా నేను అడగను," అని వచ్చిన హిందీలో చెప్పాను. అతను "కల్ షామ్ తక్, రేపు సాయంత్రం దాకే," అని పెట్టేశాడు.

మర్నాడు పొద్దున సాంబయ్య అన్న గేటు బయట నిలబడి ఉన్నాడు. వెనక మిగతావాళ్ళు.

"లోపలికి రావాల్నంటె ఏం జెయ్యాలె?" అన్నాడు, నేల చూస్తూ.

"చేతులు కడుక్కొని, మాస్క్ పెట్టుకొని, నీ సాంచా కాడికి పో అన్నా."

వెళ్ళాడు. ఆ సాయంత్రం వ్యాపారికి ఇచ్చిన మాట నిలబడింది. పోతూ పోతూ మాత్రం సాంబయ్య అన్న నా దగ్గర ఆగి, "నేనైతె మొఖం మాడ్చుకొని పన్జేస్త. పరుశురాం వస్తె మాత్రం నువ్వే చెప్పుకో. నేను జెప్తె ఇంకో తీరుగైతది," అన్నాడు. ఆయన మాటలో ద్వేషం లేదు. భయముంది. నాకూ ఉంది.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. ఇప్పటిదాకా రాసింది దీనికోసమే.

మీరు లాభ పాంచమ్‌కు వస్తున్నారని సేఠ్‌కు చెప్పాను. ఆయన సంతోషించాడు. తర్వాత అడిగాడు: "పరుశురాం వచ్చాక మాస్టర్ పని ఆయనకు ఇచ్చేస్తావా బెన్? నీ ఇష్టం. నువ్వెలా అంటే అలా."

నేను ఇవ్వనన్నాను.

ఆలోచించుకొని చెబుతాననలేదు. మీరు వచ్చాక చూద్దామనలేదు. నోట్లోంచి ఒకే మాట వచ్చింది. ఇరవై ఏళ్ళ సంసారంలో మీకు చెప్పకుండా మీ గురించి నేను చెప్పిన మొదటి మాట అది.

మీ చెవుల కోసమే అలా అన్నానని రాస్తే మీ కోపం తగ్గుతుంది. అదీ ఉంది. సిరిసిల్ల డాక్టరు ఇక మోతలోకి వెళ్ళొద్దన్నాడని మీరే రాశారు. 'ఆయన మాట వింటే కూడెవడు పెడతాడు' అనీ రాశారు. నేను పెడతాను. ఆ మిగిలిన కాస్త వినికిడి మీకు ఉండాలి. కానీ ఉన్నదున్నట్టు చెబుతాను, అది సగమే. మిగతా సగం నా కోసం. నాకు ఆ పని కావాలి. పొద్దున లేస్తే చెయ్యాలనిపిస్తోంది. చదువు లేదని, ఆడదాన్నని నన్ను నేనే ఇన్నాళ్ళు కండెల మిషన్ దగ్గర కూర్చోబెట్టుకున్నాను. ఇక అక్కడికి వెళ్ళి కూర్చోలేను. డిగ్రీ లేనందుకు మీరు జీవితమంతా తలదించుకున్నారు. తలదించుకోవాల్సింది ఏమీ లేదని నాకు తెలిసింది మీ జాగాలో నిలబడ్డాకే. మీరు చేసిన పని ఎంత పెద్దదో ఇప్పుడు చేస్తుంటే తెలుస్తోంది.

సేఠ్‌ను ఇంకొకటి అడిగాను. బయటి గదిలో తాకాలు పరిచి, తప్పులు చూసి, మడతపెట్టే బల్ల ఉంది కదా. తలుపు మూస్తే అక్కడికి మోత అంతగా రాదు. ఆ పని మీకివ్వమన్నాను. సరేనన్నాడు. నేను నడిపే మగ్గాల నుంచి వచ్చిన గుడ్డ మంచిదో కాదో చెప్పాల్సింది మీరే. మీరు వద్దన్న తాకా గేటు దాటదు. మాస్టర్‌గా ఉన్న మీకు ఆ బల్ల చిన్నదనిపించవచ్చు. నేను చిన్నది కాదన్నంత మాత్రాన మీకు పెద్దదైపోదు. మీరే చూసి చెప్పాలి. వద్దంటే ఇంకోటి వెతుకుదాం. మాస్టర్ పని మాత్రం అడగకండి. అడిగితే మళ్ళీ లేదనాల్సి వస్తుంది. రెండోసారి అనడం నాకు మొదటిదానికంటే కష్టం.

సుమనకు ఇదంతా తెలుసు. "నాయిన రాకపోతే?" అని అడిగింది. దాన్ని నీళ్ళకు పంపాను.

అత్తమ్మకు నా దండాలు చెప్పండి. కోడలు మాస్టర్ అయిందని ఆమెకు మీరే చెప్పండి. తిడితే తిట్టనివ్వండి.

లాభ పాంచమ్ నాడు తెల్లవారే మీ బండి వస్తుందని రాశారు. టికెట్ లేనివాళ్ళను ప్లాట్‌ఫాం మీదికి రానివ్వడం లేదు కాబట్టి స్టేషన్ బయట, ఆటోలు ఆగేచోట ఉంటాను. మాస్క్‌తో అందరూ ఒకేలా కనబడుతున్నారు, నేను ఎర్రచీర కట్టుకొని వస్తాను. మీరు దిగితే ఇద్దరం ఇంటికి పోదాం. స్నానం చేసి, తిని, ఎంత తిట్టాలనుంటే అంత తిట్టండి. దిగకపోతే జనమంతా వెళ్ళిపోయేదాకా అక్కడే నిలబడతాను. ఆ తర్వాత కార్ఖానాకు వెళ్ళిపోతాను. ఆరోజు సేఠ్ పూజ కాగానే మగ్గాలకు మొదటి స్విచ్ వేయాల్సింది నేనే.

ఇట్లు,
మీరు వచ్చినా, రాకున్నా
మీ ఇంటిదాన్నే,
సుమన అమ్మ,
భూదేవి