నాలుగో డైమెన్షన్ బెల్టు

3 ఆగస్టు, ఆదివారం
కవిటిలో కొత్త దొంగ దిగాడు. పేరు నాగేంద్రబాబు. వాడి బెల్టు నడుముకి కడితే ఒంట్లో చేరిన నీటి బరువంతా నాలుగో డైమెన్షన్‌లోకి పోతుందట. డయాలిసిస్ అక్కర్లేదట! మా సన్యాసయ్య మావ కట్టేసుకున్నాడు. రేపు డయాలిసిస్‌కి పలాస ఆసుపత్రికి వెళ్ళనన్నాడు. వాడు బెల్టులు అమ్మే మీటింగులోనే లేచి అరిచాను. బయటికి తోసేశారు.

4 ఆగస్టు
మావ వెళ్ళలేదు.

5 ఆగస్టు, ఉదయం
డైమెన్షన్ల గురించి నా దగ్గరున్న సైన్స్ కరపత్రం మళ్ళీ చదివాను. నాకు డౌట్ లేదు. గ్రావిటీ దీపం వెలుతురులా అన్ని వైపులకీ పరుచుకుంటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు, ఈ మూడే దారులు కాబట్టి దూరం రెట్టింపైతే లాగుడు నాలుగో వంతు అవుతుంది. నాలుగో దారి కూడా తెరిచి ఉంటే ఎనిమిదో వంతే. అప్పుడు భూమి కక్ష్య నిలవదు. కాస్త లోపలికి జరిగితే సూర్యుడిలో పడుతుంది, కాస్త బయటికి జరిగితే తిరిగి రాదు. ఇన్ని కోట్ల ఏళ్ళుగా తిరుగుతోందంటే మన కొలతలో ఆ దారి లేనట్టే. ఎక్కడో ఉన్నా, చుట్టుకుపోయి అణువుకంటే చిన్నదై ఉండాలి. అందులోకి మావ ఒంట్లో నీళ్ళు పోతాయా?
అంతా చెప్పాను. భూమి సంగతి నాకెందుకురా అల్లుడా, నా కాళ్ళు తేలికయిపోనాయి సూడు అన్నాడు. కాళ్ళు వాచి మెరుస్తున్నాయి.

సాయంత్రం
బెల్టు లాక్కుని జీడిపిక్కల బస్తాకి కట్టి కాటా మీద పెట్టాను. గ్రాము తగ్గలేదు. జీడిపిక్కకి నమ్మకం ఉంటాదేట్రా యెర్రిబాబూ అన్నాడు మావ. కళ్ళంలో అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. నమ్మకం ఉన్నోడివి నువ్వెక్కు అన్నాను. బెల్టు బిగించి ఎక్కాడు. పోయినసారి డయాలిసిస్ అయ్యాక తూగినదానికంటే నాలుగు కిలోలు ఎక్కువ!
కాటా దొంగదిరా అన్నాడు. బుచ్చమ్మత్త తనెక్కింది. ఎప్పుడూ తూగేంతే తూగింది. దిగి, కాటా దొంగదో నీ బెల్టు దొంగదో ఆటోలో కూకుని ఆలోసించు, నడు అంది.
మావ ఆయాసపడుతూనే నడిచాడు.

6 ఆగస్టు, పలాస
మావకి ఊపిరి సర్దుకుంది. పక్క బెడ్డు తవిటయ్యకీ అదే బెల్టు. మావ ఆయనకి చెబుతున్నాడు: మా అల్లుడు సదివినాడు, ఆ నాలుగో దారి తెరిస్తే భూమి ఎళ్ళి సూర్యుడిలో పడిపోద్దట, నువ్వొక్కడివీ బెల్టు కడితే ఊరందరం పోతాం బావా.
పూర్తిగా తప్పు. నోటిదాకా వచ్చింది. తవిటయ్య బెల్టు విప్పుతున్నాడు. నోరు మూసుకున్నాను.