టెంటు కింద పెట్టిన ఒట్టు

బద్రీనాథ్ నుంచి

ప్రేమగల బాపుకు,

నీ పెద్దబిడ్డ సునీత వందనాలు. దేవుని దయతో నేనిక్కడ మంచిగనే ఉన్న. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? సమ్మెల కాలేజీ బందయ్యి తమ్ముడు ఇంట్ల ఉంటున్నడా, నీ వెంటనే ర్యాలీలకు తిరుగుతున్నడా? మీరందరూ మంచిగున్నరని అనుకుంటున్న. నీ విషయంల మాత్రం అట్ల అనుకోనియ్యలేదు అమ్మ. మొన్న ఫోన్ల అంతా చెప్పేసింది. తెలంగాణ వచ్చేదాక కాళ్లకు చెప్పులు తొడగనని ఎల్లంతకుంట చౌరస్తాల, దీక్ష టెంటు కింద, అందరి ముందర ఒట్టు పెట్టినవట. పెట్టి మూడు నెలలైందట. ఈ మూడు నెలలల్ల నాకు ఒక్క మాట చెప్పలేదు. ఎప్పుడు ఫోన్ చేసినా "అంత మంచిదే బిడ్డా, ఇగ మీ అమ్మతోని మాట్లాడు" అని ఫోన్ ఇచ్చేస్తవు. అందుకే ఉత్తరం రాస్తున్న. దీన్ని అమ్మ చేతికిచ్చి తప్పించుకునే వీలు లేదు.

షుగర్ ఉన్న మనిషివి. ఇండ్లు కట్టే సుతారి పనికి పోయే మనిషివి. కంకర మీద, తడి సిమెంటుల, మొలలు లేచిన చెక్కల మీద ఉత్త కాళ్లతో నడుస్తున్నవా బాపూ? కోపంగ నాలుగు మాటలు రాద్దామనే కూసున్న. కానీ ఇక్కడ నేను చూసింది చెప్పకుండ కోపం చేస్తే నీకు ఎక్కదు. ముందు ఇక్కడి ముచ్చట్లు విను.

నేనిప్పుడు డెహ్రాడూన్‌ల లేను. యాత్ర సీజనని మా ఆసుపత్రి వాళ్లు ఒక డాక్టరమ్మను, నన్ను బద్రీనాథ్ క్యాంపుకు పంపిండ్రు. వచ్చి నెల దాటింది. దారి గురించి అమ్మకు చెప్పకు. ఒక దిక్కు కొండ, ఒక దిక్కు లోయ. కింద నది సిరిసిల్ల మగ్గం మీది పోగంత సన్నగ కనబడ్డది. జోషిమఠ్ దగ్గర బండ్లను ఆపి, పైనుంచి దిగేవాళ్లు దిగినంక మమ్ముల వదిలిండ్రు. నేను కండ్లు మూసుకొని, నాకొచ్చిన పాటలన్నీ మనసుల పాడుకున్న.

ఊరు చిన్నదే. గుడి ముందుభాగం ఎరుపు, పసుపు, నీలం రంగులతో, పెండ్లింటి లెక్క ఉంటది. దాని కిందనే మంచు కరిగి పారే నది, దాని ఒడ్డున పొగలు కక్కే వేడినీళ్ల గుండం. రెండింటి నడుమ పది అడుగులు కూడ ఉండవు. అదెట్లనో నాకు ఇప్పటికీ సమజ్ కాలేదు. డాక్టరమ్మను అడిగితే భూమి లోపలి వేడి అన్నది, గుడికాడి పూలమ్మే ఆమెను అడిగితే అగ్నిదేవుడన్నది. ఇద్దరి మాటా విన్న. చలికాలం ఆరు నెలలు గుడి మూసి, ఊరు మొత్తం ఖాళీ చేసి కిందికి దిగుతరట. అప్పుడు దొంగలు పడరా అని అడిగిన. మంచుల దొంగ ఎట్ల వస్తడని పడి పడి నవ్విండ్రు. ఆడోళ్లు నడుచుకుంటనే ఉన్ని మేజోళ్లు అల్లుతరు, చూపు ముందరికే ఉంటది, చేతులు మాత్రం ఆగవు. మన దగ్గర బీడీలు చుట్టే ఆడోళ్లు యాదికొస్తరు.

అన్నం మాత్రం సక్కగ ఉడకదు. కుక్కర్ల ఎన్ని కూతలు పెట్టినా నడుమ పలుకు ఉంటది. పప్పులల్ల పులుపుండదు. అమ్మ చేసే పచ్చిపులుసు ఒక్కసారి తాగితే చాలనిపిస్తది. ఒక్కోరోజు డ్యూటీ అయిపోయి రూంకు వస్తే తెలుగుల మాట్లాడేందుకు మనిషి లేక, నాకు నేనే మాట్లాడుకుంట. జగిత్యాల హాస్టల్ల నర్సింగ్ చదివినప్పుడు ఏడ్చినట్టు ఏడుస్తలేను, ఫికర్ చెయ్యకు.

క్రైస్తవ పిల్ల బద్రీనాథ్‌ల ఏం చేస్తున్నదని పాస్టర్ గారు అడిగితే, కాళ్లు కడుగుతున్నదని చెప్పు. నిజంగనే నా పని అదే. యాత్రికులు వచ్చుడు, ఊపిరాడక పడుడు, వాళ్లకు ఆక్సిజన్ పెట్టుడు డాక్టరమ్మ చూసుకుంటది. కాళ్ల పని నాది. బొబ్బలు, పగుళ్లు, గుచ్చుకున్న రాళ్లు, చల్లటి బండల మీద నిలబడి నీలమైన వేళ్లు. నాకేమో అడగకుండ ఉండబుద్ధి కాదు. కట్టు కట్టుకుంట ఒక్కొక్కరిని అడుగుత, చెప్పులెందుకు ఇడిచినవని. ఒక గుజరాతీ అమ్మ, కోడలికి నడుము నొప్పి అని ఆమె మొక్కు తాను నడుస్తున్నదట. ఇంకొకాయన, ఎవరో ఇడిచిండ్రని తానూ ఇడిచిండట, ఎందుకో ఎరుక లేదట. ఆయన కాళ్లే అందరికంటే ఎక్కువ పగిలి ఉన్నయి.

పది రోజుల కింద కోరుట్ల నుంచి బస్సు వచ్చింది. నా ముందర బల్ల మీద కూసున్న పెద్దమనిషి "అవ్వో!" అన్నడు, ఆ ఒక్క మాటకే నాకు పానం లేచి వచ్చింది. ఎల్లంతకుంట నుంచి వచ్చిన అని చెప్తే ఆయన నా నెత్తి మీద చెయ్యి పెట్టిండు.

"గింత దూరం ఎట్లచ్చినవ్ బిడ్డా? మీ అవ్వయ్య ఎట్ల తోలిండ్రు?"

"పని దొరికింది పెద్దబాపు. నీకు కాలు ఏమైంది?"

"ఏం గాలె. జర వాసింది. సలికి గావచ్చు. నా బిడ్డ కాన్పు మంచిగయితే ఉత్త కాళ్లతోని అత్తనని మొక్కిన. ఇంటికాన్నుంచి చెప్పులేసుకోలె."

"షుగరుందా?"

"ఉంది తియ్. గది ఎవనికి లేదు గిప్పుడు?"

కాలు ఎత్తి చూసిన. బొటనవేలు కింద నల్లగయింది. వాసన వస్తున్నది. కడిగి, చిమటతో పట్టి తీస్తే ఆకుపచ్చ గాజు పెంకు వచ్చింది, నా గోరంత ఉంది. నేను లోపల కెలుకుతుంటే ఆయన మాత్రం కోరుట్ల సంతల ఎడ్ల ధర గురించి చెప్పుకుంటనే ఉన్నడు.

"నొస్తలేదా పెద్దబాపు?" అని అడిగిన.

"ఏడ నొప్పి! నొప్పే లేదు బిడ్డా. నొప్పుంటే నేను సూసుకోనా?"

పక్కనున్న ఆయన భార్య పెంకును చేతిలకు తీసుకొని, తన గాజుల పక్కన పెట్టి చూసింది. అదే రంగు. హరిద్వార్ల మెట్లకాడ తాను జారి పడ్డప్పుడు పగిలిన గాజులట. అప్పటికి ఎనిమిది రోజులు. ఎనిమిది రోజులు ఆమె గాజును ఆయన కాలుల పెట్టుకొని తిరిగిండు, ఇద్దరికీ తెల్వదు. ఆమె ఏడవలేదు, గాజులన్నీ తీసి సంచిల ఏసుకున్నది.

ఆయనను ఆ రోజే కింది దవాఖానకు పంపినం. మొన్న ఆమె ఫోన్ చేసింది. రెండు వేళ్లు తీసేసిండ్రట.

బాపూ, షుగర్ కాళ్లల్ల నొప్పిని సంపేస్తది. ఇది నేను జగిత్యాలల పుస్తకంల చదివి మార్కులు తెచ్చుకున్న, కానీ నా చేతుల చూసింది ఇక్కడనే. అమ్మ ఫోన్ల ఏమన్నదో ఎరుకేనా? "మీ బాపుకు ఏం గాలె, నొప్పే లేదంటుండు" అన్నది. గా మాట విన్నప్పటి నుంచి నాకు భయమైతున్నది. నువ్వు నొప్పి అంటే ఇంత భయపడకపోదును.

ఇక్కడ ఒక ముసలి పంతులు రోజు పొద్దుగాల బీపీ చూపిచ్చుకునేందుకు వస్తడు. నీ సంగతి ఆయనకు చెప్పి, ఒట్టు విప్పే దారి ఏమన్న ఉందా అని అడిగిన. ఏ దేవునికి మొక్కిండని అడిగిండు. దేవునికి కాదు, టెంటు కింద మనుషుల ముందర అన్న. ఆయన శానసేపు నవ్విండు. దేవునికి మొక్కితే నేను ఏదన్న దారి చెప్పుదును, మనుషుల ముందర అన్న మాటకు మనుషులే సెలవియ్యాలె అన్నడు. తర్వాత ఒక మాట చెప్పిండు. ఈ రాష్ట్రం కూడ కొట్లాడి తెచ్చుకున్నదేనట, పదేండ్లు దాటిందట. ఆయన కూడ ర్యాలీలల్ల నడిచిండట. నాకు నిజంగ తెల్వదు. వెంటనే అడిగిన, వచ్చిననాడు ఎట్లుండె అని. డోళ్లు కొట్టుకుంట ఆడినం అన్నడు. ఎవరు ఏం ఒట్టు పెట్టిండ్రో, నిలబెట్టుకున్నరో లేదో ఆ నాడు ఎవ్వరూ అడగలేదట. ఎవరు ఆడేందుకు బతికి లేరో వాళ్ల పేర్లే అందరూ అడిగిండ్రట.

గందుకే బాపూ, నీకు ఒక్క పని చెప్తున్న. ఒట్టు తప్పు అని అంటలేను. నిన్ను చెప్పులేసుకో అని కూడ అంటలేను, నువ్వు వినవు. ఈ ఉత్తరం తీసుకొని టెంటు కాడికి పో. కింద రాసింది అందరికి వినబడేటట్టు తమ్మునితోని చదివిపిచ్చు. అమ్మ కూడ వస్తది, చెప్పుల జత చేతిల పట్టుకొని. ఆమెకు నేను చెప్పే పెట్టిన. ఏదో ఒక ఒట్టు ఉండాల్సిందే అంటే గడ్డం పెంచు. దాంతోని అమ్మకు తప్ప ఎవరికీ తిప్పలు లేదు.

అటెన్క సిరిసిల్ల పెద్దదవాఖానకు పోయి కాళ్లు చూపిచ్చుకో. రోజు పొద్దుగాల వెలుతుర్ల అమ్మ నీ అరికాళ్లు చూడాలె. అమ్మకు ఉన్ని శాలువ కొన్న. బస్సులు నడిచినంక పార్శిల్ చేస్త. నాకు పల్లికారం పంపుండ్రి. నానమ్మకు, పాస్టర్ గారికి, వాడకట్టోళ్లకు నా వందనాలు. నా కోసం ప్రార్థన చెయ్యుండ్రి.

ఇగ టెంటు కింద కూసున్న పెద్దలకు, అన్నలకు, అక్కలకు సునీత నమస్కారాలు.

మా తాత ఊరందరికి చెప్పులు కుట్టిండు. కుట్టిన మనిషే దొర గడి ముందరికెళ్లి పోయేటప్పుడు తన చెప్పులు చంకల పెట్టుకొని పోయిండు. మా ఇంట్ల చెప్పులు తొడుక్కొని గా గడి ముందర నడిచిన మొదటి మనిషి మా బాపు. మా బాపుకు భూమి లేదు, ఇయ్యడానికి ఇంకేం లేదు. ఉన్నదాంట్ల అన్నిటికంటే పెద్దది తెలంగాణకు ఇద్దామని చెప్పులు ఇచ్చిండు. గది నాకు గర్వమే. కానీ ఆయనకు షుగర్ ఉంది, కాళ్లకు నొప్పి తెలుస్తలేదు. ఒట్టు మీ ముందర పెట్టిండు, కాబట్టి మీరే విప్పాలె. నవ్వకుండ్రి, ఎత్తిపొడవకుండ్రి. వేసుకో అని అందరు ఒక్కసారి అనుండ్రి.

తెలంగాణ వచ్చిననాడు చెప్పులేసుకుంట అన్నడు. గా నాడు వేసుకునేటందుకు మా బాపుకు రెండు కాళ్లు ఉంచుండ్రి.

మీ ఊరి బిడ్డ,
సునీత