రెండుసార్లు పిలవండి

కురోసె,
జూన్ ఇరవై ఏడు.

అత్తయ్యగారికి కోడలు కయోకో నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ పిల్లీ కులాసా. మత్సుయామాలో మీరూ, చిహారు వదినా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీరు అడిగినవాటికి ముందు జవాబు చెప్పేస్తాను. ఊరగాయకి ఉమె కాయలు ఉప్పులో వేశాను. ముసురు వదలకపోవడంతో ఈసారి మచ్చకాయ ఎక్కువ, సగం ఏరి పారేశాను. మీరుంటే "మచ్చ కాయకా, నీ కళ్ళకా" అనేవారు. వాకిట్లో జారే మెట్టుకు సిమెంటు వేయించాను. మోకాలికి సూది వద్దని మారాం చేస్తున్నారట, వదిన ఫోనులో చెప్పింది. వేయించుకోండి.

ఇక మీ ఉత్తరం చివర కింద గీత గీసి మరీ అడిగారు, ఈ ఏడు ఆఫీసులో అడిగావా అని. వెళ్ళాను. ఆ సంగతి నెమ్మదిగా చెప్పాలి.

వచ్చే ఏప్రిల్‌లో మన ఊరి ఆఫీసు పక్క పట్టణంలో కలిసిపోతోంది. పాత కాగితాల గది ఖాళీ చేసే పని నా నెత్తిన పడింది. గడువు తీరినవాటిని లారీలో కాగితం మిల్లుకు తీసుకెళ్తాం. అక్కడ పెద్ద తొట్టిలో నీళ్ళు పోసి గుజ్జు చేస్తారు. చివరి కట్ట కరిగేదాకా ఆఫీసు మనిషి నిలబడి చూడాలని రూలు. ఆ మనిషిని నేనే. బడి భోజనాల లెక్కలూ, వంతెన మరమ్మతుల కాగితాలూ కరుగుతుంటే ఇన్నాళ్ళూ నాకేమీ అనిపించలేదు. ఈసారి మాత్రం ప్రతి కట్ట మీదా పేరు చదివాకే తొట్టిలో వేయనిచ్చాను.

ఎందుకంటే మీ అబ్బాయి ఫైలు కూడా ఆ గదిలోనే ఉంది. వరదలో తూము తలుపు దించడానికి వెళ్ళి తిరిగిరాని మనిషి కోసం ఊరు వెతికిన ఫైలు. ఏటా జూన్‌లో మీరు వెళ్ళి "మావాడి సంగతేమైనా తెలిసిందా?" అని అడిగేవారు. అందులో ఒక కాగితం చేరేది. దానివల్లే అది మూతపడలేదు. ఎవరూ అడగని ఏడు దాన్ని మూసేస్తారు, ఇంకో అయిదేళ్ళకు మిల్లుకు పంపుతారు. మీ మోకాలు చూస్తే అలా ఉంది. నాకా, పిల్లలు లేరు. నా తరవాత అడిగేదెవరు?

దారి ఒకటే ఉంది. వెతుకులాట ముగిసిందని ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటే ఫైలు మూసి, ఊరి చరిత్రకు కావలసినదని రాసి, జిల్లా కేంద్రంలో పాత దస్తావేజులు దాచే చోటికి పంపవచ్చు. అక్కడికి చేరినదాన్ని ఎప్పటికీ పారేయరు. తెరిచి ఉన్న ఫైలును మాత్రం వాళ్ళు ముట్టుకోరు.

ఆ రోజు మా పై అధికారి హిగాషిదెగారు నా మొహం చూసి, "కయోకోగారూ, ఇవాళ మీరు బల్లకి ఇటా, అటా?" అన్నారు.

"అటేనండీ."

"అయితే ఆ పేరు బిళ్ళ తీసి రండి. మీ అర్జీ మీరే తీసుకున్నారంటే రేపు నన్ను దులిపేస్తారు."

మెడలో బిళ్ళ తీసేసి, మీరు కూర్చునే కుర్చీలో కూర్చున్నాను. ఆయన ఫైలు తెరిచి నా ముందు పెట్టారు. మీరు చెప్పినదంతా ఎవరో గుమాస్తా పొల్లుపోకుండా రాసుకున్నాడు. ఒక ఏడు, వానకోటు బూడిదరంగుదని. ఒక ఏడు, ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ ఉందని. ఇంకో ఏడు, "మొండివాడు బాబూ. ఒక్క పిలుపుకి పలకడు. రెండుసార్లు పిలవమని చెప్పండి."

అది చదివి అక్కడే ఏడ్చేశాను. హిగాషిదెగారు కిటికీ వైపు తిరిగి, "పెద్దావిడ ఒప్పుకున్నారా?" అని అడిగారు.

"అడగలేదండీ. అడిగితే వద్దంటారు."

"రేపు తెలిస్తే?"

"తిడతారు. పడతాను."

ఆయన ఇచ్చిన ఒప్పుదల కాగితం మీద 'వెతుకులాట ముగిసినది' అని నా చేత్తో రాసి నా పేరు ముద్ర వేశాను. అత్తయ్యగారూ, మీకు మాటైనా చెప్పకుండా మీ వెతుకులాట ఆపేసింది నేనే. ఆయన రారని నాకు ఎప్పుడో తెలుసు, మీ ఎదుట ఆ మాట అనలేక ఊరుకున్నాను. కానీ ఫైలు మూసింది అందుకు కాదు. మీ మాటలన్నీ తొట్టిలో కరుగుతుంటే ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి నిలబడి చూడడం నేను భరించలేను. ఆయన్ని ఒకసారి నీళ్ళు తీసుకెళ్ళాయి, చాలు.

వచ్చే జూన్‌లో అడగడానికి ఆ ఆఫీసూ ఉండదు, ఆ ఫైలూ ఉండదు. కోపంతో మీరు జవాబు రాయకపోయినా నేను రాస్తూనే ఉంటాను. సూది మాత్రం వేయించుకోండి.

ఒక్క సంగతి మిగిలింది. ముద్ర వేసే ముందు, హిగాషిదెగారు వింటారని కూడా చూడకుండా, తొమోనొరీ అని మీ అబ్బాయిని పేరు పెట్టి పిలిచాను. మీరు చెప్పినట్టే రెండోసారి కూడా పిలిచాను. చాలాసేపు ఆగి, అప్పుడే ముద్ర వేశాను.

ఇట్లు,
ఫైలు మూసినా మీ కోడలే అయిన
కయోకో