మావాడు ఎడమచెయ్యివాడు

శనివారం, రాత్రి

ప్రభువా, ఈ రోజు మావాడు నవ్వాడు! కర్ణాటకలో హుమ్నాబాద్‌లో లారీ పని పోయినప్పటి నుంచి సారా తాగుతూ, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడని నా కొడుకు ప్రభాకర్ నవ్వాడు!

హైదరాబాద్ డాక్టరు ఫీజు మాకు అందేది కాదు. మన చర్చి వరండాలో శనివారాలు ఒకామె, తాగుడు మానాలనుకునేవాళ్ళతో, మనసు బాగాలేనివాళ్ళతో ఫీజు లేకుండా కూర్చుని మాట్లాడుతుందని పాస్టరయ్య చెబితే వాణ్ణి తీసుకుపోయాను. ఆమెది మైసూరు వైపు. కన్నడం తప్ప వేరే భాష రాదు. నాది ఉర్దూ చదువు, కన్నడం అంతంతమాత్రం.

ఆమె వాణ్ణి చూపించి "కుడితానా?" అని అడిగింది.

"కాదమ్మా, మావాడు ఎడమచెయ్యివాడు" అన్నాను.

ఆమె తెల్లబోయింది. ప్రభాకర్ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏ చెయ్యి అని కాదు నాయినా, తాగుతడా అని అడుగుతున్నది!" అని, ఆమె వైపు తిరిగి తానే కన్నడంలో చెప్పాడు. "కుడితీని అక్కా. బిడబేకు." తాగుతాను, మానాలి అని. ఆ మాట వాడి నోట వినడం నాకు ఇదే మొదలు. వాళ్ళు మాట్లాడుకుంటున్నంతసేపూ నేను మెట్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను.

ఇంటికి వస్తుంటే "వచ్చే శనివారం నువ్వు రాకు, నేనొక్కన్నే పోత. ఆ అక్క ఇంకేమడుగుతదో, నువ్వింకేం చెప్తవో" అన్నాడు.

సంతోషమే. కానీ చర్చికి పోయే దారిలో సారా దుకాణం కుడివైపే ఉంది. వాణ్ణి ఎడమ పక్కగా నడిపించు ప్రభువా.